తెరమీది మల్లయుద్ధము

టెలివిజను ముందు కూర్చుండిన బాలునకును, వెనుక నిలుచుండి చూచు తండ్రికిని నడుమ ఒక తగవు చిరకాలమునుండి తెగకయున్నది. అమెరికానుండి వచ్చు మల్లయుద్ధ ప్రదర్శనము నిజమా, బూటకమా? బాలుడు నిజమనును. తండ్రి బూటకమని నవ్వును. ఈ రెండు ఉత్తరములలో ఏదియు సంపూర్ణము కాదు. ఎవడు గెలువవలయునో, ఎవడు ఓడవలయునో ముందుగనే నిర్ణయింపబడును. ఇది నేడు దాచబడిన రహస్యమును కాదు. కాని త్రాళ్ళమీదికెక్కి దూకినవాని వీపునకు తగులు బల్లలు మాత్రము నిజమైన బల్లలే. మొదటి సంగతి నెఱుగని బాలుడు మోసపోవును. రెండవ సంగతి నెఱుగని బాలుడు తరగతిలోని బెంచీమీదినుండి తోటివానిపై దూకును. ఉపాధ్యాయులమగు మాకు ఈ రెండవవానిని గూర్చియే యెక్కువ చింత. కావున నీ ప్రదర్శన మెట్లు కూర్పబడునో, అందు వీరు లెట్లు తయారుచేయబడుదురో కొంత వివరముగా వ్రాయుచున్నాను.

మొదట, నిజమైన కుస్తీని విడిచి యీ మార్గమును ఎందులకు పట్టిరో తెలిసికొనవలయును. 1910వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన లండను నగరమున మన దేశపు గామా పహిల్వానును, పోలండు దేశస్థుడగు జ్బిస్కోయు పోరాడిరి. గామా బలమునకు జంకి జ్బిస్కో నేలకు కఱచుకొని పరుండెను. సుమారు రెండున్నర గంటలకాలము అట్లే కడచినది, ఎవరును గెలువలేదు. మరల 1928లో పటియాలాయందు వారిరువురే తలపడగా, గామా నిమిషమైనను పట్టకుండ ప్రత్యర్థిని వెల్లకిల వేసెను. రెండును నిజమైన పోరాటములే. కాని టిక్కెట్టు కొని వచ్చినవానికి మొదటిదానియందు నిద్ర వచ్చును, రెండవదానియందు కూర్చుండులోపలనే ఆట ముగియును. సత్యమైన కుస్తీకి కాలనియమము లేదు, కథానియమము లేదు. వ్యాపారికి ఈ రెండును కావలయును. అమెరికా దేశమునందు సంతలలోను తిరునాళ్ళలోను డేరాలు వేసికొని తిరిగిన మల్లులు ఈ సూక్ష్మమును చాలకాలము క్రిందటనే గ్రహించిరి. పోరాటమును కూర్చి చూపుటయు, కూర్చినట్లు పైకి తెలియనీయకుండుటయు వారి వృత్తిమర్మము. ఆ మర్మమునకు వారు పెట్టుకొన్న సంకేతనామము 'కేఫేబ్'. వేదికమీద శత్రువులైనవారు ఊరిలో ఒక్క బండిలో ప్రయాణము చేయుచు కనబడగూడదను కట్టుబాటు కూడ నుండెడిది.

మన కోడి రామమూర్తినాయుడుగారు సర్కసులో గొలుసులు తెంపినప్పుడు తెగినది నిజమైన గొలుసే, అది బలప్రదర్శనము. ఇప్పుడు చెప్పుచున్నది బలమును, వ్యాయామమును వాడుకొను నాటకము. దీనిని ఆ వర్తకులే బహిరంగముగా నొప్పుకొనిరి. 1989లో న్యూజెర్సీ రాష్ట్రపు శాసనసభవారి యెదుట తమది పోటీక్రీడ కాదనియు, వినోదమాత్రమనియు చెప్పుకొనిరి. సత్యముమీద ప్రీతిచేత కాదు. క్రీడలను నియంత్రించు ప్రభుత్వ సంఘమువారి యజమాయిషీనుండియు, సుంకమునుండియు తప్పించుకొనుటకు!

టెలివిజను వచ్చుటతో ఈ విద్య స్వరూపమే మాఱినది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట అమెరికాయందు టెలివిజను ఇంటింట ప్రవేశించుచున్న దినములలో, ప్రసారము చేయువారికి చవుకగా దొరకు వేడుక కావలసివచ్చెను. బేస్‌బాల్ మైదానము విశాలము, బంతి చిన్నది, ఆనాటి కెమెరాలకు అది అందదు. మల్లుల వేదికయో, ఇరువదియడుగుల చదరము. దీపములు పైన వ్రేలాడదీసి, ఒకటి రెండు కెమెరాలు నిలిపిన చాలును. అట్టి సమయమున జార్జి వాగ్నర్ అను నొక మధ్యమశరీరుడగు మల్లుడు 'గార్జియస్ జార్జి' అను పేరుతో తెరకెక్కెను. తల వెండ్రుకలకు బంగారువన్నె వేయించుకొని, ఉంగరములు తిప్పించుకొని, మెఱయు అంగీ ధరించి, మెల్లగా నడచివచ్చును. ముందొక పరిచారకుడు వేదికపై సుగంధద్రవ్యము చల్లును. ప్రత్యర్థియు, రెఫరీయు తన్ను తాకగూడదని జార్జి విసుగుకొనును. జనులకు ఒడలు మండును. వీనిని ఎవడైన చితుకగొట్టగా చూడవలయునని టిక్కెట్లు కొందురు. మహమ్మద్ ఆలీ యౌవనమున, 1961లో, ఇతనిని లాస్ వేగాస్ నగరమున కలిసికొని, గొప్పలు చెప్పుకొనుటచే జనులను రప్పించు విద్యను నేర్చుకొంటినని తానే చెప్పియున్నాడు.

ఇందు మనకు క్రొత్త యేమియు లేదు. కూచిపూడి భాగవతులు ఆడు భామాకలాపమునందు సత్యభామ ముందుగా తెరమీద తన జడను వేసి చూపి, ప్రవేశదరువుతో తన పేరును, గొప్పను చాటుకొనిన తరువాతనే రంగముమీదికి వచ్చును. జడను చూడగనే సభ కదలును. నేటి అమెరికా మల్లునకును ఒక్కొక్కనికి ఒక్కొక్క వాద్యఘోషము ఏర్పరుపబడియున్నది. మొదటి స్వరము వినబడగనే, మనుష్యుడు కనబడకమునుపే, వేలకొలది జనులు లేచి నిలుచుందురు. పాత్రప్రవేశమును గూర్చి మన వీధి భాగవతులెఱిగినదానినే వీరు విద్యుద్దీపములతో చేయుచున్నారు.

ఈ నాటకమునందు ముఖ్యపాత్రలు రెండు జాతులు. జనులు మెచ్చవలసినవాడు 'బేబీఫేస్'. జనులు ద్వేషింపవలసినవాడు 'హీల్'. యుద్ధముయొక్క ఫలితమును, కథయొక్క నడకను నిర్ణయించువాడు పూర్వము 'బుకర్' అనబడెడివాడు; నేడు పెద్ద సంస్థలలో రచయితల గుంపే కలదు. హీల్ పని బేబీఫేస్ పనికంటె కష్టమని నా యభిప్రాయము. వేదికమీద పోరాటపు నడకను సాధారణముగా నడిపించువాడు హీలే. తాను దెబ్బలు తిని, దొంగపనులు చేసి, కడకు ఓడి, ఎదుటివానిని గొప్పవానిని చేయవలసినవాడును అతడే.

మన బాలురకు హల్క్ హోగన్ పేరు పాతకాలపుదైనను, నావంటి వయస్సువారు బాల్యమున మల్లుల చిత్రములుగల ట్రంపుకార్డు లాడినవారే. ఎత్తు, బరువు, ఛాతీ, అన్నిటికంటె ముఖ్యముగా ర్యాంకు అందుండెడివి. ఆ ర్యాంకు బలముచేత వచ్చినది కాదనియు, ఒక కార్యాలయమునందు వ్రాయబడినదనియు మాకు అప్పుడు తోచలేదు! అట్టి ర్యాంకు ఎట్లు వ్రాయబడునో చూపుటకు 1987వ సంవత్సరము మార్చి 29వ తేదీన మిషిగన్ రాష్ట్రమునందలి పాంటియాక్ నగరమున జరిగిన హోగన్, ఆంద్రేల యుద్ధమును మించిన యుదాహరణము లేదు.

ఆంద్రే ఫ్రాన్సుదేశస్థుడు. శరీరము మితిమీఱి పెరుగు వ్యాధిచే మహాకాయుడైనవాడు. ఏడడుగుల నాలుగంగుళములని ప్రకటించెడివారు. అనేక సంవత్సరములు జనులకు ప్రియమైన వీరుడుగా దేశములు తిరిగెను. 1987 ఆరంభమున అతడు, తన స్నేహితుడగు హోగన్‌పై తిరుగబడినట్లు టెలివిజనులో చూపబడెను. హోగన్ మెడలోని శిలువను, చొక్కాను చింపివైచెను. తరువాత వారమువారమును చెప్పిన సంగతులు రెండు: ఆంద్రే పదునైదేండ్లుగా ఓడియెఱుగడు, ఆంద్రేను ఎత్తి నేలగొట్టినవాడు లేడు. ఈ రెండును సత్యములు కావు. ఇదే హోగన్ 1980లో న్యూయార్కు నగరపు షియా స్టేడియమునందు ఆంద్రేను ఎత్తివైచియుండెను! కాని అప్పుడు హోగన్ హీల్. ఆ యుద్ధమును చూచినవారు కొలదిమంది. టెలివిజను మరచిపొమ్మనినదానిని జనులు మరచిపోయిరి. వీరుని తయారుచేయుటయందు మొదటి పని యిదియే: దాటవలసిన కొండను ముందు కట్టవలయును.

యుద్ధమును ఇప్పుడు చూడుడు. గంట మ్రోగిన కొలది క్షణములకే హోగన్ ఆంద్రేను ఎత్తబోయి, ఎత్తలేక, అతని క్రింద పడిపోయెను. రెఫరీ మూడవసారి నేల చఱచుటకు వెండ్రుకవాసి తక్కువగా తప్పించుకొనెను. ఈ మొదటి వైఫల్యము కథకు విత్తనము. పిమ్మట చాల సేపు ఆంద్రే అతనిని త్రొక్కి, కొట్టి, కౌగిట బిగించి ఊపిరాడనీయకుండ పట్టియుంచెను. నడుమ హోగన్ ఒకటి రెండుసార్లు తేఱుకొని కొట్టును, మరల పడును. కట్టకడపట అతడు విజృంభించి, మొదట చేయలేని పనిని, ఆ మహాకాయుని ఎత్తుటను, చేసి చూపి, కాలితో ఱొమ్ముపై పడి గెలిచెను. అంతయు కలిసి పండ్రెండు నిమిషములు. 93,173 మంది వచ్చిరని సంస్థవారు చాటిరి; ఆ లెక్క హెచ్చుగా చెప్పబడినదని వాదించువారు కలరు. ఎట్లయినను ఆ గృహము నిండియుండెను.

చదువరులు గమనింపవలసినదేమనగా, ఆ పండ్రెండు నిమిషములయందు నూటికి తొంబదిపాళ్ళు యుద్ధములకు సామాన్యమైన చట్రమంతయు నున్నది. మొదట వీరుని ప్రకాశము లేక ప్రయత్నము, పిదప హీల్ దొంగదెబ్బతోనో, బలముతోనో పైచేయి పొందుట, దీర్ఘమైన బాధ, ఆ బాధయందు అక్కడక్కడ మెఱుపువలె ఆశ, ఆ ఆశ ఆఱుట, విజృంభణము, ముగింపు. బాధను అభినయించుటకు వారి పరిభాషలో 'సెల్లింగ్' అని పేరు, అనగా అమ్ముట. దెబ్బను కొట్టినవాడు కాక, తిన్నవాడు అమ్మును. తిన్నవాడు కుంటనిచో కొట్టినవాని కాలితాపునకు విలువ లేదు. ఇక్కడ చిత్రమైన ఆచార మొకటి: అమెరికా మల్లులు పట్టునకు ప్రత్యర్థియొక్క ఎడమచేతిని, ఎడమకాలినే సాధారణముగా పట్టుదురు. మెక్సికోవారు కుడివైపును పట్టుదురు. ఎన్నడును చూడని ఇద్దరు మల్లులు ఒక్క రిహార్సలును లేకయే పోరాడగలుగుటకు ఇట్టి కట్టుబాట్లే కారణము. తక్కిన మాటలను, ఒకరి మెడ నొకరు బిగించి పట్టినట్లు కనబడునప్పుడు, చెవిలో చెప్పుకొందురు.

రెఫరీని చాలమంది బొమ్మయని తలంతురు. నిజమునకు అతడే ఆ నాటకమునకు సూత్రధారుని దూత. అతని చెవిలో చిన్న యంత్రము ఉండును. ఇంకను ఎన్ని నిమిషములు కలవో, ఎప్పుడు ముగింపవలయునో తెరవెనుకనుండి అతనికి చెప్పుదురు. అతడు మల్లుని మేలు కనుగొనువానివలె వంగి ఆ మాట చేరవేయును. ఎవనికైన నిజముగా గాయమైనచో తెరవెనుకకు తెలుపువాడును అతడే. వాణిజ్య ప్రకటనలకు సైతము కథలో చోటుండును. వీరుడు వేదిక వెలుపల పడిపోయి, హీల్ నవ్వుచుండ ప్రకటనలు వచ్చుట మీరు చూచియుందురు. వీరు డేమగునోయని జనులు ఛానలు మార్చకుందురు. ఇరువురు తీఱికగా మెడలు పట్టుకొని విశ్రమించుట చాలవఱకు ఆ ప్రకటనల కాలమునందే జరుగును.

చట్రము తెలిసినవాడు దానిని విఱుచుటయు నేర్చును. 1997 మార్చి 23వ తేదీన షికాగోలో జరిగిన బ్రెట్ హార్ట్, స్టీవ్ ఆస్టిన్‌ల యుద్ధము దీనికి తార్కాణము. బ్రెట్ హార్ట్ ఏండ్లతరబడి ఉత్తమ వీరుడు. ఆస్టిన్ దుర్భాషలాడు దుష్టుడు. ప్రత్యర్థి 'లొంగితిని' అనువఱకు పోరాడవలయునని షరతు. కడపట ఆస్టిన్ ముఖమంతయు రక్తమయమై, కాళ్ళు మెలిపెట్టిన పట్టులో చిక్కి, పండ్లు బిగించి, లొంగితినను మాట యనకయే స్మృతి తప్పెను. గెలిచిన బ్రెట్ అంతటితో నాగక, పడియున్నవానిని మరల కొట్టసాగెను. ఆస్టిన్ లేచి, ఎవరి సహాయము నొల్లక కుంటుచు వెడలిపోయెను. వచ్చునప్పుడు బ్రెట్ వీరుడు, ఆస్టిన్ దుష్టుడు. పోవునప్పటికి జనుల హృదయమునందు ఇరువురు స్థానములు మార్చుకొనిరి. ఓడినవాడు నక్షత్రమయ్యెను. గెలుపే గొప్పయని తలంచు బాలుడు ఈ యొక్క యుద్ధమును చూచినచో చాలును.

రచయితలు వ్రాసినదెల్ల జనులు నమ్ముదురా? నమ్మరు. 1996 నవంబరులో ఇరువదినాలుగేండ్ల డ్వెయిన్ జాన్సన్ అను యువకుని ఈ సంస్థవారు ప్రవేశపెట్టిరి. తండ్రి రాకీ జాన్సన్, తాత పీటర్ మైవియా, ఇరువురును మల్లులు. వారి పేర్లు కలిపి ఇతనికి రాకీ మైవియా అని పేరిడిరి. నవ్వుముఖము, సుగుణములు, వచ్చినది మొదలు గెలుపులు. కొలది మాసములలో జనులు విసిగి, రాకీ చావవలయునని కేకలు వేయసాగిరి. సంపాదింపని గొప్పతనమును జనులు ఒప్పుకొనరు. 1997 వేసవిలో అతడు మరల వచ్చి, హీల్‌గా మారి, తన్ను ద్రోసివైచిన జనులనే నిందించుచు, తన్ను గూర్చి 'ది రాక్' అని ప్రథమపురుషలో చెప్పుకొనసాగెను. అంతకుముందు వానిని దూషించిన జనులే ఆ గర్వమును చూచి నవ్విరి, మెచ్చిరి. 1998 నవంబరునాటికి ఛాంపియను; తరువాత చలనచిత్రములలో మిక్కిలి ప్రసిద్ధుడు. ఈ రంగమునందు తుదితీర్పు జనుల గొంతుకదే. సంస్థవారు దానిని కొంతకాలము త్రిప్పగలరుగాని చెవి మూసికొనలేరు.

అయితే జనుల ద్వేషమును సులభముగా సంపాదించుటకు వారు పట్టిన అడ్డదారి యొకటి కలదు. దానిని నేను మెచ్చజాలను. పరదేశస్థుని హీల్‌గా చేయుట అది. ఇరానులో అమెరికా రాయబార కార్యాలయపు ఉద్యోగులు బందీలైన 1979–81 సంవత్సరముల పిమ్మట, ఇరానునుండి వచ్చి అమెరికాలో స్థిరపడిన ఒక మల్లునిచేత 'ఐరన్ షేక్' అను పేరుతో అమెరికాను దూషింపజేసిరి. 1984 జనవరిలో అతనిని ఓడించియే హోగన్ మొదట ఛాంపియనయ్యెను. మనవారి వంతును వచ్చినది. పంజాబు పోలీసులో పనిచేసిన హిమాచలుడు దలీప్ సింగ్ రాణా 2006లో 'గ్రేట్ ఖలీ'గా ప్రవేశించినప్పుడు, భయంకరుడగు మూగ రాక్షసునివలె చూపి, అతని పక్షమున మాటలాడుటకు వేఱొక మనుష్యుని పెట్టిరి. 2007లో అతడు ఛాంపియనైనప్పుడు మన దేశమున బాలురు పండుగ చేసికొనిరి. ఆ పాత్ర యెట్లు వ్రాయబడినదో ఎవరును విచారింపలేదు. 2017లో కెనడాయందు పుట్టిన పంజాబీ వంశజుడు జిందర్ మహల్‌ను ఛాంపియనుగా చేసిరి. భారతదేశపు ప్రేక్షకులను దృష్టియందుంచుకొని ఈ పని చేసిరని పలువురు తలంచిరి. కాని అతడును హీలే. తన రూపమును, జాతిని చూచి మీరు నన్ను ద్వేషించుచున్నారని అతనిచే అమెరికా జనులతో అనిపించిరి. జనులు మఱింత కేకలు వేసిరి. మన జెండాకు వచ్చిన గౌరవమిదియా యని మనము అడుగవచ్చును.

2023 సెప్టెంబరు 8వ తేదీన ఈ సంస్థవారు మన హైదరాబాదు నగరమునకే వచ్చి, గచ్చిబౌలియందలి బాలయోగి క్రీడామందిరమున ప్రదర్శనమిచ్చిరి. జాన్ సీనా, సేథ్ రోలిన్స్‌లు ఒక జట్టుగా పోరాడి గెలిచిరి. ఊరు మారినది, భాష మారినది. ప్రకాశము, బాధ, విజృంభణము అను చట్రము మాత్రము పాంటియాక్‌లో నున్నదే. జట్టు పోరాటమున ఒకడు మూలకు చేరి తోటివాని చేతి నందుకొనజాలక ప్రాకుట, జనులందఱును ఊపిరి బిగపట్టి చూచుట, అదియు పాతదే. అయినను చూచువాని ఊపిరి ప్రతిసారియు బిగియుచునే యున్నది. హరిశ్చంద్రునకు రాజ్యము మరల వచ్చునని తెలియనివాడు మన గ్రామమున ఎవడు?

ఇక మొదట చెప్పిన రెండవ సంగతి. పడుటకు వారి భాషలో 'బంప్' అని పేరు. మల్లుల పాఠశాలలో మొదట నేర్పునది కొట్టుట కాదు, పడుట. గడ్డమును ఱొమ్మున కానించి, తల వెనుకభాగము తగులకుండ, వీపు పై భాగమంతయు ఒక్కసారిగా తగులునట్లు, చేతులను చాచి నేలను చఱచుచు, ఊపిరి విడుచుచు పడవలయును. దెబ్బ విశాలమైన తావున పరచుకొని తగ్గునే గాని మాయము కాదు. వేదికయొక్క పైగుడ్డ క్రింద పలుచని మెత్త, దాని క్రింద కొయ్యబల్లలు, వాని క్రింద ఇనుపదూలములు. బల్లలు కొంచెము వంగి ధ్వని చేయును. ఆ ధ్వనియే మనకు దెబ్బవలె వినబడును. ఇట్టి పాటులు ఏడాదికి వేలకొలది. ఆంద్రే 1987లో పోరాడునాటికే వెన్నెముకకు శస్త్రచికిత్స జరిగి, దుస్తుల లోపల నడుముకట్టు ధరించియుండెను. హోగన్ ఎత్తినది ఆ వ్యాధిగ్రస్తుని; ఎత్తనిచ్చినది ఆ వ్యాధిగ్రస్తుని ఔదార్యము. 1993 జనవరిలో నలువదియాఱవ యేట అతడు మరణించెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివిన మల్లుడు క్రిస్టొఫర్ నోవిన్‌స్కీ, తలకు తగిలిన దెబ్బలచే 2003లో ఈ వృత్తిని విడిచి, 2007లో తలదెబ్బలను గూర్చి పరిశోధించు సంస్థను స్థాపించెను. ఇంత చేసినను ఈ మల్లులు ఆ సంస్థకు ఉద్యోగులు కారు. గుత్తకు పనిచేయువారుగా లెక్కింపబడుదురు.

1997 ఆగస్టు 3వ తేదీన న్యూజెర్సీలో ఆస్టిన్‌కును, బ్రెట్ తమ్ముడగు ఓవెన్ హార్ట్‌కును యుద్ధము. ఆస్టిన్ గెలువవలయునని నిర్ణయము. ఓవెన్ అతనిని తలక్రిందులుగా పట్టుకొని కూలబడు 'పైల్‌డ్రైవర్' అను పట్టు పట్టెను. తల మోకాళ్ళకంటె పైన నుండవలసినది, అంగుళముల తేడాచే క్రిందికి జాఱి, ఆస్టిన్ మెడమీద బరువంతయు పడెను. కొంతసేపు కాళ్ళు చేతులు పడిపోయినవి. ఓవెన్ సంగతి గ్రహించి, మీద పడి కొట్టుటకు మారుగా, వేదికచుట్టు తిరుగుచు జనులను తిట్టుచు, హీల్ పాత్రను విడువకయే కాలము గడిపెను. ఆస్టిన్ కొంత కదలిక రాగా ప్రాకి వచ్చి, ఓవెన్‌ను చేతులతో చుట్టి దొర్లించెను, ఓవెన్ పడియుండెను, రెఫరీ మూడు లెక్కించెను. నిర్ణయించిన ఫలితమే వచ్చినది. చూచువారిలో చాలమందికి అది కథలో భాగమనియే తోచెను. ఆ ఓవెన్ హార్టే 1999 మే 23వ తేదీన కాన్సస్ నగరమున, పైకప్పునుండి త్రాటితో దిగివచ్చు ప్రవేశము చూపబోయి, కొక్కెము ఊడి, క్రింద పడి మరణించెను.

పైల్‌డ్రైవరు పట్టును అటుతరువాత ఆ సంస్థవారు సామాన్యముగా నిషేధించి, అనుభవశాలురగు ఇద్దరు మల్లులకు మాత్రమే చాలకాలము అనుమతించిరి. చూచుటకు అతి సులభముగా తోచు పట్టు అది. తోటివానిని తలక్రిందులుగా పట్టుకొని కూర్చుండుటయే కదా అనిపించును.